సవరణ

మా పత్రిక వారానికొకటే, గురువారం.
మొదటి పేజీలో మంచు, రెండో పేజీలో చావులు,
చివరి పేజీలో హైస్కూలు పిల్లల బాస్కెట్‌బాల్.
మధ్యలో ఎవరి కుక్క తప్పిపోయిందో,
ఏ చర్చిలో శనివారం చేపల వేపుడో.

పేజీలు కట్టే పని నాది.
కాగితప్పట్టీల వెనక మైనం పూసి
ఒక్కో వార్తనీ అంటించేదాన్ని.
పంతొమ్మిదేళ్లు. ఆ మైనం వాసన ఇంకా గోళ్ల కింద ఉంది.

ఆ ఫిబ్రవరిలో డెట్రాయిట్ నుంచి ఆయన వచ్చాడు,
కార్ల కంపెనీ ఉపాధ్యక్షుడు.
మా కిటికీ ముందు కారాపి తలుపు వేశాడు.
ఆ చప్పుడు విని, తల ఎత్తకుండానే
ఎడిటర్ వెర్నా ప్రూయెట్ అంది:
"మన బందులే."

మా ఊరు వేకర్లీ చేసేది అవే,
కారు తలుపుల మడతబందులు.
మేం చేసిన బందుల మీద తిరిగే తలుపు తీసుకునే
బందుల ఫ్యాక్టరీ బందు అని చెప్పడానికొచ్చాడు.

ఆ మాట అనలేదు లెండి.
సర్దుబాటు అన్నాడు. పునర్వ్యవస్థీకరణ అన్నాడు.
వెర్నా పెన్సిల్ ఆపి అడిగింది:
"మూత అని రాసుకోనా? పొట్టి మాట, హెడ్డింగులో పడుతుంది."
ఆయన తన చేతి తొడుగుల వైపు చూసుకున్నాడు.

వెళ్తూ ఫుల్ పేజీ ప్రకటన ఇచ్చాడు.
ధన్యవాదాలు వేకర్లీ, నలభై మూడేళ్ల స్నేహానికి.
వెనక సూర్యుడి బొమ్మ,
పొడుస్తున్నాడో కుంగుతున్నాడో తెలీదు.
చెక్కు చింపి మొహాన కొట్టిందనుకుంటున్నారేమో.
లేదు. ఆరు వారాల కాగితం, సిరా ఆ డబ్బు.
వెర్నా రసీదు రాసి, కార్బన్ కాపీ దాచింది.

ఆ రాత్రే ఎదుటి పేజీ నా చేతికిచ్చింది.
ఆరువందల పన్నెండు పేర్లు.
పేరు, విభాగం, ఎన్నేళ్లు. అంతే.
చావు కబుర్లకు వాడే అక్షరాల కన్నా సన్నం.
మా నాన్న మూడో వరసలో వచ్చాడు:
డార్విన్ టెఫ్ట్, ప్రెస్ షాపు, ఇరవై ఆరు.
ఆగలేదు. కింద ఇంకా నాలుగు వరసలున్నాయి.

గురువారం సిరా ఆరకముందే కట్టలు మడతపడ్డాయి.
విప్పి చూస్తే
పేర్లన్నీ అద్దంలోలా తిరగబడి
ఆ ధన్యవాదాల మీద అంటుకున్నాయి,
సూర్యుడి మీద కూడా.

శుక్రవారం రెండు ఫోన్లు.

మొదటిది డెట్రాయిట్ నుంచి, సెక్రటరీ.
సార్ పేరు తప్పు పడిందట.
చివర సన్ కాదట, సెన్.

రెండోది మిల్ వీధి నుంచి, ఐడా మ్రాజ్.
"మా ఆయన లేడేంటమ్మా అందులో?" అంది.
కోపం లేదు గొంతులో.
కళ్లజోడు మార్చి రెండుసార్లు వెతికిందట.

నేనూ వెతికాను. నేల మీద, చెత్తబుట్టలో, బల్ల కింద.
చివరికి ఇంట్లో దొరికాడు,
నా స్వెటర్ మోచేతికి అంటుకుని,
గోరంత కాగితప్పట్టీ మీద
ముప్పై ఒక్క ఏళ్లు.

తర్వాతి గురువారం, రెండో పేజీ, అడుగున:

సవరణ. గత సంచికలో కంపెనీ ఉపాధ్యక్షుని పేరు
క్లైడ్ హాల్వర్సన్ అని పడింది.
హాల్వర్సెన్ అని చదువుకోగలరు.
నికెల్ పూత విభాగం, రాత్రి షిఫ్టు,
ఆంటన్ మ్రాజ్ పేరు జారిపోయింది.
చేర్చి చదువుకోగలరు.
జరిగినదానికి చింతిస్తున్నాం.

రెండు పేర్లకీ ఒకటే అక్షరం, ఒకటే సైజు.
జరిగినది అంటే ఏది అని నేనడిగితే
వివరానికి చోటు లేదంది వెర్నా.

చోటుంది. పేజీ కట్టింది నేనే కదా.
దాని కింద వేలెడు ఖాళీ మిగిలింది.
అలాగే వదిలేశాం.